ఈ నీటికి మనమే నీరుగంట్లం

రుమైథియాలోని తెలుగు సోదర సోదరీమణులారా,

మనం పనిచేసే ఇళ్ళ ముందు, రోడ్డు అంచున ఒక ఇనుప జాలీ ఉంటుంది. రోజూ దాన్ని దాటి నడుస్తాం. దాని మీదుగానే కారు పోనిస్తాం. ఏడాదిలో ఎప్పుడో నాలుగు వానలు పడితే తప్ప దాని సంగతి మనకు గుర్తు రాదు. కానీ ఆ జాలీ కింద ఒక దారి ఉంది. ఆ దారి సముద్రానికి పోతుంది.

కువైట్‌లో మురుగునీటి గొట్టాలు వేరు, వాననీటి గొట్టాలు వేరు. వంటింట్లో, స్నానాల గదిలో వాడిన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. రోడ్డు పక్కన జాలీలోకి దిగిన నీరు నేరుగా సముద్రంలో కలుస్తుంది. మధ్యలో వడకట్టే చేయి లేదు. అడ్డుపడే తలుపు లేదు. కనుక ఆ జాలీలో పోసింది ఏదైనా సముద్రంలో పోసినట్టే.

ఆ సముద్రం మనకు ఏమవుతుంది? ఈ దేశంలో నది లేదు. ఏరు లేదు. ఏడాది పొడవునా నీరు నిలిచే చెరువు లేదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకుని బతికిన ఊరు ఇది. 1950ల నుంచి సముద్రపు నీటిలోని ఉప్పు తీసి తాగడం మొదలుపెట్టింది. ఈనాడు ఇక్కడి దోహాలో, షుఐబాలో, జోర్‌లో, సబియాలో పనిచేస్తున్న కేంద్రాలు సముద్రాన్ని కాచి మంచినీరు చేస్తున్నాయి. మనం పొద్దున్నే కాచుకునే టీ నీళ్ళు అవే. పసిబిడ్డకు పట్టే నీళ్ళు అవే. పూజకు, ప్రార్థనకు, వజూకు వాడే నీళ్ళు అవే.

జాలీ నుంచి సముద్రానికి. సముద్రం నుంచి కుళాయికి. మన గుమ్మం ముందు మొదలైన దారి మన వంటింట్లోనే ముగుస్తోంది. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ జాలీ మీద ఎవరు ఏం పోస్తున్నారో మనకు అనవసరం అనగలమా?

ఒక వీధిని ఊహించుకుందాం. శుక్రవారం తెల్లవారుజాము. ఊరు ఇంకా లేవలేదు. పక్కింటి గేటు తెరుచుకుంది. ఒక మనిషి రెండు డబ్బాలు మోసుకొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. డబ్బాలు జాలీ మీద వంచాడు. నల్లగా, చిక్కగా ఏదో దిగిపోయింది. నీళ్ళ పైపుతో మరక కడిగేశాడు. గేటు మూసుకుంది. ఇదంతా ఈవలి ఇంట్లో కారు తుడుస్తున్న రాయచోటి తమ్ముడు చూశాడు. పోయిన నెలా చూశాడు. అంతకు ముందు నెలా చూశాడు. గుడ్డ పిండుకున్నాడు. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తమ్ముణ్ని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. అతని స్థానంలో ఉంటే మనలో చాలామంది అదే చేస్తాం. ఎందుకు చేస్తామో చూడాలి. దాన్ని ఎలా మార్చుకోవాలో ఆలోచించాలి. ఆ పని అతనొక్కడిదే కాదు. మనందరిదీ.

మన ఊళ్ళను ఒకసారి తలచుకోండి. రాయలసీమ పల్లెల్లో చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తెలంగాణలో నీరడి అనేవారు. పేరు ఏదైనా పని ఒకటే. తూము తీయడం, కట్టడం. ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం. రాత్రిపూట గట్టు వెంట తిరగడం. ఎవరైనా దొంగచాటుగా కాలువ తెంపితే, ఎక్కడైనా గట్టుకు గండి పడే సూచన కనిపిస్తే, పరుగున వచ్చి పెద్దలకు చెప్పడం. అతన్ని చాడీకోరు అని ఎవరూ అనలేదు. పైగా కోతల కాలంలో ప్రతి రైతూ తన కళ్ళం నుంచి ఇంత ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. ఎందుకంటే చెరువు అందరిది. గండి పడితే మునిగేది ఒక్క మడి కాదు. ఎండేది ఒక్క పొలం కాదు.

ఈ గల్ఫ్ సముద్రం కూడా ఒక పెద్ద చెరువు వంటిదే. సగటు లోతు 35 మీటర్లు మాత్రమే. మహాసముద్రంలోకి దారి ఒక్కటే, హోర్ముజ్ జలసంధి. ఒకే తూము ఉన్న చెరువులో పడిన మలినం తొందరగా కొట్టుకుపోదు. కానీ ఈ చెరువుకు నీరుగంటి ఎవరు? ప్రభుత్వ ఉద్యోగి ప్రతి జాలీ దగ్గర నిలబడలేడు. నిలబడి ఉన్నది మనం. తెల్లవారకముందే లేచి కారు కడిగేది మనం. అర్ధరాత్రి చెత్త డబ్బా బయట పెట్టేది మనం. వీధికి కళ్ళు మనవే.

సముద్రం మలినమైతే ఈ నేల ఏ మూల్యం చెల్లిస్తుందో మనకు తెలియనిది కాదు. 1991లో యుద్ధం ముగిసేనాటికి ఇక్కడ 600కు పైగా చమురు బావులు తగలబడుతున్నాయి. చివరి బావిని ఆర్పింది ఆ ఏడాది నవంబరు 6న. సముద్రంలో తెట్టులా తేలిన చమురు నుంచి మంచినీటి కేంద్రాలను కాపాడుకోవడానికి గల్ఫ్ తీరమంతా తంటాలు పడింది. అది శత్రువు చేసిన గాయం. ఆ తరువాతి గాయాలకు మాత్రం శత్రువు పేరు చెప్పుకోలేం. 2001 వేసవిలో కువైట్ అఖాతంలో రెండు వేల టన్నులకు పైగా మైద్ చేపలు చచ్చి తేలాయి. 2009 ఆగస్టులో మన పక్కనున్న మిష్రఫ్‌లో మురుగునీటి పంపింగ్ కేంద్రం పాడైపోయింది. శుద్ధి కాని మురుగు సముద్రంలోకి పారింది. ఆ తీరం మనది. సెలవు రోజున పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్ళే తీరం అదే.

అంత పెద్ద సంగతుల ముందు రెండు డబ్బాల నూనె ఎంత అంటారా? అమెరికా పర్యావరణ సంస్థ ఒక లెక్క చెబుతుంది. ఒక్క కారుకు ఒక్కసారి మార్చిన ఇంజిన్ ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదు. వాడేసిన ఆయిల్‌లో నూనె ఒక్కటే ఉండదు. ఇంజిన్‌లో అరిగిన లోహాలు ఉంటాయి. అది నీటిలో కరగదు. పైన పొరలా పరుచుకుంటుంది. కింద ఉన్న ప్రాణికి ఊపిరి ఆడనివ్వదు. ఒక వీధిలో ఒక డబ్బా, ఒక నెలలో ఒకసారి. ఇలా ఎన్ని వీధులు? ఎన్ని నెలలు?

చూశాక చెప్పాలి. ఇది మన విధి. ఈ మాట అనగానే మన గుండెల్లో మూడు సందేహాలు లేస్తాయి. వాటిని దాచుకోవద్దు. ఎదురుగా పెట్టుకుని జవాబు చెప్పుకుందాం.

మొదటి సందేహం: ఇది చాడీ చెప్పడం కాదా? చాడీకీ సాక్ష్యానికీ తేడా మన పెద్దలకు తెలుసు. చాడీ చెప్పేవాడు మనిషిని పట్టుకుంటాడు. సాక్షి పనిని పట్టుకుంటాడు. చాడీ పదిమంది చెవుల్లో తిరుగుతుంది. సాక్ష్యం తేల్చగలిగిన వారి దగ్గరికే వెళ్తుంది. చాడీకి పొరుగువాడు చెడాలని కోరిక. సాక్ష్యానికి పొరుగు బాగుపడాలని కోరిక. ఫిర్యాదు చేసే ముందు ఎవరి గుండె మీద వారు చేయి వేసుకుని ప్రశ్నించుకోవాలి: ఆ మనిషితో నాకు పాత తగాదా ఏమైనా ఉందా? ఆ కోపమే నన్ను నడిపిస్తోందా? అవునని జవాబు వస్తే ఆగండి. ఆ సంగతి ఇంకొకరిని చూడనివ్వండి. పర్యావరణం పేరుతో పగ తీర్చుకోవడం ఆ నూనె పోయడం కంటే చిన్న తప్పు కాదు.

రెండో సందేహం: ఉప్పు తిన్న చోట ఇలా చేయవచ్చా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా? ఈ దేశం మనకు అన్నం పెట్టింది. కడపలో, రాజంపేటలో, రాయచోటిలో, గోదావరి జిల్లాల్లో, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో మన ఇళ్ళ పైకప్పులు ఈ దినార్లతోనే లేచాయి. మన అక్కచెల్లెళ్ళు ఇక్కడి ఇళ్ళలో వండి వడ్డించి, అక్కడి పిల్లల్ని చదివించారు. ఆ రుణం నిజమే. ఆ రుణం ఉంది కనుకనే చెప్పాలి. వాసాలు లెక్కపెట్టడం వేరు, వాసానికి చెద పట్టిందని చెప్పడం వేరు. చెద కనిపించినా నోరు విప్పని అతిథి మర్యాదస్థుడు కాడు. ఆ ఇల్లు తనది కాదనుకున్నవాడు.

మూడో సందేహం: నేను పొరబడితే? ఆ డబ్బాలో ఉన్నది నూనె కాకపోవచ్చు. ఆ పొగ చెత్త తగలబెట్టిన పొగ కాకపోవచ్చు. ఈ సందేహం మంచిది. దీన్ని వదులుకోవద్దు. మనం న్యాయమూర్తులం కాము. అనుమానం మనది, నిర్ధారణ అధికారులది. "ఆ ఇంటివాళ్ళు సముద్రంలో విషం కలుపుతున్నారు" అని చెప్పనక్కరలేదు. "ఈ తేదీన, ఈ వేళకు, ఈ చోట నల్లటి ద్రవం జాలీలో పోయడం చూశాను, దయచేసి పరీక్షించండి" అంటే చాలు. అక్కడితో మన మాట పూర్తయింది. తప్పేమీ లేదని తేలితే సంతోషిద్దాం. ఉందని తేలితే మాన్పించే అధికారం వారికి ఉంది.

చట్టం కూడా ఈ దారినే చూపుతోంది. కువైట్‌లో పర్యావరణ ప్రజాధికార సంస్థ 1995లో ఏర్పడింది. 2014లో 42వ నంబరు చట్టంగా సమగ్రమైన పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. నేల, గాలి, సముద్రం, జీవరాశి, అన్నీ దాని నీడలోకి వచ్చాయి. పర్యావరణ నేరాల కోసం ప్రత్యేకంగా పోలీసు విభాగం ఉంది. మన దేశం సంగతి చూస్తే, ప్రకృతిని కాపాడడం, ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. 1976 నుంచి చెబుతోంది. విమానం ఎక్కగానే ఆ విధి మన పెట్టెలో నుంచి జారిపోదు.

చట్టాల కంటే ముందు ధర్మం ఈ మాట చెప్పింది. మనలో హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. ఎండాకాలం చలివేంద్రం పెట్టి దారినపోయేవాడికి నీళ్ళు పోయడం పుణ్యమని మన తాతలు నమ్మారు. దారిలోని ముల్లు తీసి పక్కన పెట్టడమూ దానమేనని ఇస్లాం నేర్పింది. బైబిల్లో, తమ్ముడి క్షేమం తన బాధ్యత కాదని తప్పించుకోబోయిన కయీనును దేవుడు వదిలిపెట్టలేదు. మూడు దారులూ వచ్చి కలిసేది ఒక్క చోటే: పొరుగువాడి దాహం మన లెక్కలోకి వస్తుంది.

ఇక అసలు మాట.

ఇక్కడ చూసేవాడికి బలం లేదు. బలం ఉన్నవాడు చూడడు. ఇదే మన చిక్కు. వీధిలో జరిగేది మొదట కనిపించేది డ్రైవరుకు, ఖద్దామా వీసా మీద వచ్చిన అక్కకు, భవనం కాసే హారిస్‌కు. వారి అకామా, అంటే నివాస అనుమతి, యజమాని అయిన కఫీల్ చేతిలో ఉంది. వారి జీతం మీద ఊళ్ళో అప్పు, చెల్లి పెళ్ళి, తల్లి మందులు ఆధారపడి ఉన్నాయి. వారిని ఒంటరిగా ముందుకు తోసి, ధైర్యంగా చెప్పమనడం సులభం. అది ధర్మం కాదు. ఇంకొకరి బతుకును పణంగా పెట్టి మనం మంచివాళ్ళం అనిపించుకోవడం అవుతుంది. కొన్నిసార్లు ఆ డబ్బా మోసే మనిషి కూడా మనవాడే. యజమాని పోయమన్నాడు, అతను పోశాడు. అతనికి శిక్ష పడాలన్నది మన కోరిక కాదు. ఆ పని ఆగాలన్నదే మన కోరిక.

కనుక విధిని పంచుకుందాం. ఒకరు చూస్తారు. ఒకరు రాస్తారు. ఒకరు చెబుతారు. మనలో ఇంజినీర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, లెక్కలు చూసేవారు ఉన్నారు, కుటుంబాలతో స్థిరపడి అరబీ ధారాళంగా మాట్లాడేవారు ఉన్నారు. సంఘాలు నడిపే పెద్దలు ఉన్నారు. మీకు ఉన్న భరోసా ఆ డ్రైవరు తమ్ముడికి లేదు. అతని కన్నుకు మీ గొంతు తోడు కావాలి. అతని పేరు ఎక్కడా బయటికి రాకుండా అతని మాట గమ్యం చేరాలి. పండుగకు వేదిక కట్టడం, పాటల పోటీ పెట్టడం మనకు బాగా తెలుసు. వాటితో పాటు ఇదీ మన సంఘాల పని కావాలి.

ఇది జరగని పని కాదు. పటాన్‌చెరు మనకు సాక్ష్యం. 1980లలో అక్కడి కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. వాగు పక్క పల్లెల్లో పంట పోయింది, బావి పోయింది, ఆరోగ్యం పోయింది. అక్కడి వైద్యుడు అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చిన రోగుల్లో ఆ కాలుష్యాన్ని చదివారు. మందు రాసిచ్చి ఊరుకోలేదు. ప్రజలతో కలిసి నడిచారు. 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రైతు చూశాడు. వైద్యుడు వివరించాడు. న్యాయవాది వాదించాడు. ముగ్గురిలో ఏ ఒక్కడు ఒంటరిగా ఉన్నా ఆ గొంతు ఢిల్లీ దాకా వినిపించేది కాదు.

మాట ఆలస్యమైతే ఏమవుతుందో మంగాఫ్ చెబుతుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున అక్కడ కార్మికులు నిద్రిస్తున్న భవనంలో మంటలు లేచాయి. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ వెంటనే భవన నిబంధనల ఉల్లంఘనల మీద తనిఖీలు ముమ్మరమయ్యాయి. అది వేరే రకం ప్రమాదమే. కానీ పాఠం వేరు కాదు. తనిఖీకి చావు కబురు కారణం కాకూడదు. ముందుగా చెప్పిన ఒక చిన్న మాట కారణం కావాలి.

ఏం చేయాలో క్రమంగా చెప్పుకుందాం.

ముందు మన గుమ్మం చూసుకుందాం. వేపుడు నూనె తొట్టిలో వంచేస్తున్నామా? కారు కడగడానికి పైపు వదిలేసి ఫోను మాట్లాడుతున్నామా? రంగు డబ్బా, పాత బ్యాటరీ మామూలు చెత్తలో పడేస్తున్నామా? మన చేతులు నల్లగా ఉంటే ఎదుటివాడి డబ్బా వైపు వేలు చూపలేం.

తరువాత, వీలున్న చోట మంచి మాటతో మొదలుపెడదాం. చాలామందికి జాలీ సముద్రానికి పోతుందని తెలియదు. తెలిస్తే మానేస్తారు. "అన్నా, ఆయిల్ గరాజ్‌లో మార్పిస్తే వాళ్ళే తీసుకుంటారు కదా" అన్న ఒక్క మాటతో తీరిపోయే సంగతులు ఎన్నో ఉంటాయి. మంచి మాటకు చోటు లేనప్పుడు, చెప్పినవాడికి హాని జరుగుతుందనిపించినప్పుడు, ఈ మెట్టు దాటండి.

ఆ పైన, రాసి పెట్టుకోండి. తేదీ, వేళ, బ్లాకు, వీధి, చూసిన వస్తువు, ఎన్నిసార్లు. చూసింది వేరుగా రాయండి. విన్నది వేరుగా రాయండి. ఊహించింది అసలు రాయవద్దు. ఇతరుల ఇంటి లోపలికి కెమెరా పెట్టవద్దు. మనుషుల ముఖాలు, ఆడవాళ్ళు, పిల్లలు ఫోటోలో పడకూడదు. గోడ దూకవద్దు, డబ్బా ముట్టుకోవద్దు. వాట్సాప్‌లో తిప్పవద్దు, వీడియోగా పెట్టవద్దు. 2016 నుంచి ఇక్కడ సాంకేతిక నేరాల చట్టం అమలులో ఉంది. పైగా ఊరంతా తిప్పిన మాట సాక్ష్యం కాదు, రచ్చ.

చివరికి, చేరవలసిన చోటికే చేర్చండి. సముద్రం, గాలి, రసాయనాల సంగతి అయితే పర్యావరణ ప్రజాధికార సంస్థకు. ఖాళీ స్థలంలో శిథిలాలు, చెత్త పోసిన సంగతి అయితే మున్సిపాలిటీ అయిన బలదియాకు, 139కి. మంట, ఘాటు వాసన, ప్రాణభయం ఉంటే ఆలోచన వద్దు, వెంటనే 112కు. చెప్పిన తేదీ రాసుకోండి. కొన్నాళ్ళకు ఫలితం అడగండి. ఒకసారి చెప్పి మరిచిపోయినవాడు గట్టు మీద ఒక్క రాత్రే తిరిగి ఇంటికి పోయిన నీరుగంటి.

సోదర సోదరీమణులారా, మనం ఇక్కడ శాశ్వతంగా ఉండబోము. అకామా అయిపోతుంది, పెట్టె సర్దుకుంటాం, విమానం ఎక్కుతాం. ఆ రోజున మనం దాటిపోయే సముద్రం మనం వచ్చిన నాటి కంటే మురికిగా ఉండకూడదు. ఇక్కడ పుట్టిన పిల్లవాడు ఆ నీళ్ళే తాగుతాడు. రేపు మన ఊరి నుంచి మన స్థానంలోకి వచ్చే తమ్ముడు ఆ నీళ్ళే తాగుతాడు. వారికి మనం బాకీ ఉన్నాం. ఆ బాకీ తీర్చకుండా పెట్టె మూయవద్దు.

ఈ శుక్రవారమే మొదలుపెడదాం. మాలియాలో కలిసినప్పుడు, ప్రార్థన ముగిసి బయట నిలబడినప్పుడు, గదిలో అందరం కలిసి వండుకున్నప్పుడు, ప్రతి జట్టులో ఇద్దరిని ఎన్నుకుందాం. భయం తక్కువ ఉన్నవారిని, ఓపిక ఎక్కువ ఉన్నవారిని, నోరు జారనివారిని. ప్రాణభయం లేనిది ఏది వీధిలో కనిపించినా ముందు వారికి చెబుదామని మాట ఇచ్చుకుందాం. విన్న మాటను గుట్టుగా దాచి, నిజాన్ని తూచి, చేరవలసిన చోటికి చేరుస్తామని వారు మాట ఇవ్వాలి.

అప్పుడు తెల్లవారుజామున కారు తుడిచే ఆ రాయచోటి తమ్ముడు గుడ్డ పిండుకుని లోపలికి వెళ్ళిపోడు. ఫోను తీస్తాడు. "అన్నా, ఒక మాట చెప్పాలి" అంటాడు.

ఆ పిలుపు వచ్చినప్పుడు మన నోట "మనకెందుకురా" అన్న మాట రాకూడదు. "చెప్పు తమ్ముడూ, రాసుకుంటున్నా" అన్న మాటే రావాలి.